పైనున్న మూడు కాలర్లు

బడిపిల్లల చొక్కాలు కుట్టే ఆ కార్ఖానాలో కాలరంటే పిట్టదే. చేతులు ఎవరైనా కుడతారు, జేబు ఎవరైనా అతికిస్తారు. కాలరు సంగతి అలా కాదు. లోపల గట్టి గుడ్డ పెట్టి మూడు పక్కలా కుట్టాలి, అంచు కత్తిరించాలి, తిరగెయ్యాలి, సన్నటి పుల్లతో రెండు మొనలూ బయటికి పొడవాలి, ఇస్త్రీ చేసి మళ్ళీ అంచు వెంబడే పైకుట్టు వెయ్యాలి. ఒక మొన సూదిగా, ఇంకోటి మొద్దుగా వచ్చిందంటే ఆ చొక్కా తొడుక్కున్న పిల్లాడు బడిలో ఉన్నన్నాళ్ళూ ఒక పక్కకు ఒరిగినట్టే కనిపిస్తాడు. పిట్ట కుట్టిన కాలరును మధ్యకు మడిచి మొన మీద మొన పెడితే రెండూ ఒకటే అయిపోయేవి. ఈ మాట వదిన పైకి ఎప్పుడూ అనలేదు గానీ లోపల లక్షసార్లు అనుకుని ఉంటుంది.

వదినంటే పిట్ట అన్న పెళ్ళాం. అదే కార్ఖానాలో చెకింగ్ బల్ల దగ్గర కూర్చుంటుంది. పిట్ట పొద్దస్తమానం "వదినా, వదినా" అని పిలవబట్టి మెషీన్ల మీది వాళ్ళందరికీ, చివరికి తనకంటే వయసులో పెద్దవాడైన సూపర్‌వైజరుకు కూడా ఆమె వదినే అయిపోయింది. ఆడపడుచుకు పిట్ట అనే పేరేమో ఆమె అన్న పెట్టాడు, నోరు ఒక్క క్షణం ఊరుకోదని. వదిన తక్కువ తిన్న మనిషి కాదు. సూపర్‌వైజరు నడకను, యజమాని దగ్గును, ఇస్త్రీ అతను ప్రతిదానికీ "అదే కదా" అనడాన్ని అచ్చంగా దించేసేది. పిట్ట నవ్వీ నవ్వీ మెషీను మీద వాలిపోయేది. వాళ్ళిద్దరినీ చూసి, వదినా ఆడపడుచులంటే ఇలా ఉండాలి అనేవాళ్ళు అందరూ.

కొన్ని నెలలుగా ఎవరూ ఆ మాట అనడం లేదు. పిట్టకు పొగరెక్కిందని వదిన తేల్చేసింది. ఆధారం లేకుండా నిందలేసే మనిషి కాదామె, చెకింగ్ బల్ల దగ్గర పనిచేసేది. తను ఏదైనా సరదా మాట అంటే పిట్ట నవ్వదు. పై పెదవి ఒక్కటే కొంచెం లేస్తుంది, పళ్ళు కనిపిస్తాయి, కంపు తగిలినట్టు. మాట్లాడుతుంటే కళ్ళు సగం మూసుకుంటుంది, నీ సోది ఇంకెంతసేపు అన్నట్టు. సాయంత్రం భోజనానికి కూర్చుంటే రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కకు జరుపుతుంది. ఏమైందని అడిగితే ముక్కుతో ఏదో గొణుగుతుంది.

"నా వంట నచ్చకపోతే నచ్చలేదని నోరు తెరిచి చెప్పమనండి. ఈ మూతి విరుపులు నేను పడలేను" అంది మొగుడితో.

మొగుడు బస్సుల మెకానిక్కు. ఇంజను ఎందుకు దగ్గుతోందో గంటసేపు చెప్పగలడు గానీ, ఇంట్లో తగువు మొదలైందంటే పానా వెతుక్కుంటూ లేచిపోతాడు. ఈసారీ అలాగే లేచాడు.

సోమవారం సాయంత్రం పిట్ట కట్ట చెకింగ్ బల్ల మీదికి వచ్చింది. కుట్టేవాళ్ళు అయిపోయిన కాలరును అయిపోయినట్టు పక్కన దొంతర పెట్టి, చివరికి గుడ్డపీలికతో కట్టి పంపుతారు. చెకింగ్‌లో పైనుంచి మూడు తీసి చూడడం అలవాటు. మూడూ బాగుంటే కట్ట ముందుకు, లేకపోతే వెనక్కి. కొన్నాళ్ళుగా పిట్ట కట్టలు వెనక్కే పోతున్నాయి. తన మనిషి కదా అని వదిలేసిందంటారేమోనని వదిన మిగతావాళ్ళ కట్టల కంటే ఇంకాస్త కళ్ళు చించుకునే చూసేది. ఆ రోజు పైనున్న మూడింటిలో పైకుట్టు పాము నడిచినట్టుంది. ఒకదాని మొన లోపలే ఉండిపోయింది. వదిన పళ్ళు బిగించి కట్టను పక్కకు నెట్టింది. ఆ విసురుకు పీలిక ఊడి కట్ట కింద బోర్లాపడింది.

ఏరుదామని వంగింది. ఇప్పుడు అడుగున ఉండాల్సినవి పైన ఉన్నాయి. చేతికొచ్చిన మొదటి కాలరును అలవాటుగా మడిచి చూసింది. మొన మీద మొన. రెండోదీ అంతే. మూడోదీ. వదిన నేల మీదే చతికిలబడి కట్ట మొత్తం వరసగా చూడడం మొదలుపెట్టింది. పొద్దున కుట్టినవి పాత పిట్ట కుట్టినట్టే ఉన్నాయి, వంక పెట్టడానికి లేదు. పోనుపోను కుట్టు వదులైంది, తర్వాత వంకరైంది. మధ్యలో ఉన్నట్టుండి మళ్ళీ కొన్ని ముత్యాల్లా ఉన్నాయి. అవి మధ్యాహ్నం భోజనానికి లేచి వచ్చాక కుట్టినవై ఉండాలి. ఆ తర్వాత మళ్ళీ దిగజారడమే.

ఇంకెవరికైనా ఇది వింతగా తోచేదేమో. వదినకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇంతకాలం ఎక్కడో ఒక మూల, పాపం చెయ్యి పోయిందేమో, ఒంట్లో నలతేమో అని జాలి ఉండేది. చెయ్యి ఎక్కడికీ పోలేదు. పొద్దున ఉన్న చెయ్యి సాయంత్రానికి ఎక్కడికి పోతుంది? చెయ్యగలదు, చెయ్యబుద్ధి కావడం లేదు. తన దగ్గరికి వచ్చే పనిని కావాలనే పాడుచేసి పంపుతోంది.

సూపర్‌వైజరు వచ్చి ఆ మూడు కాలర్లూ చూశాడు. "ఏం చేద్దాం వదినా? వచ్చే వారం నుంచి దారాలు కత్తిరించే బల్లకు పంపేద్దామా?"

కాలరు కుట్టే మనిషిని దారాల బల్లకు పంపడమంటే పదిమందిలో చెంప మీద కొట్టడమే. అది ఆ హాల్లో అందరికీ తెలుసు.

"మీ ఇష్టం" అంది వదిన.

ఇంటికి వచ్చాక మిగతాది కూడా అనేసింది. పిట్ట గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, గెడ్డం కింద బొటనవేలు ఆనించుకుని. ఈ మధ్య ఎప్పుడు చూసినా అదే వాలకం.

"ఇష్టం లేని చోట ఉండమని నిన్నెవరూ బతిమాలడం లేదు. ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళుండే హాస్టలు బస్టాండు వెనకాల ఉందిగా. అక్కడ గది చూసుకో. నీకూ ప్రశాంతం, నాకూ ప్రశాంతం."

పిట్ట "సరే వదినా" అంది, ముక్కుతో. పై పెదవి లేచింది, పళ్ళు కనిపించాయి.

"చూశారా, చూశారా ఆ వెక్కిరింపు" అంది వదిన, గుమ్మంలో నిలబడిన మొగుడితో. అతను చెల్లెలి వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆదివారం గది మారడానికి మర్నాడే మాట అయిపోయింది. పిట్ట బట్టలు సర్దుకుంటూ ఒక్కో చీర మడతపెట్టడానికి మధ్య ఆగి, కాసేపు కూర్చుని, మళ్ళీ మడతపెట్టింది. దానికి కూడా బద్ధకమే అనుకుంది వదిన.

గురువారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో పిట్ట నీళ్ళు తాగుతుండగా కొరపోయింది. కొరపోవడం ఎవరికైనా ఉండేదే. కానీ ఆ నీళ్ళు ముక్కులోంచి వచ్చేశాయి. దగ్గుదామంటే దగ్గుకు బలం లేదు, గొంతులో గురగురమని చప్పుడు తప్ప. బల్ల పట్టుకున్న చెయ్యి జారిపోయింది. అప్పటిదాకా రెండు బల్లల అవతల ముఖం తిప్పుకుని కూర్చున్న వదిన ఎలా దూకిందో ఆమెకే తెలియదు. పిట్టను ముందుకు వంచి వీపు మీద చరిచింది, నోట్లో వేలు పెట్టి తుడిచింది. ఊపిరి అందాక కూడా పిట్ట తల నిలవలేదు. గువ్వలా వాలిన ఆ తలను భుజానికి ఆనించుకునే వదిన ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

అత్యవసర విభాగంలో చూసిన కుర్ర డాక్టరు నోరు తెరిపించాడు, నాలుక బయటపెట్టమన్నాడు, చేతులు పైకెత్తి ఉంచమన్నాడు. చేతులు కాసేపటికే దిగిపోయాయి. అతను వెంటనే మేడ మీద ఉన్న నరాల డాక్టరుకు ఫోన్ చేశాడు.

ఆ డాక్టరమ్మ నడివయసు మనిషి. గదిలో హడావిడి లేదు. ముందుగా పిట్టను ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టమంది. మొదట్లో మాట బాగానే ఉంది, పోనుపోను ముక్కులోకి ఎక్కి, చివరికి గాలి తప్ప మాట లేదు. డాక్టరమ్మ ఆమె భుజం తట్టి, వదిన వైపు తిరిగింది.

"ఈ అమ్మాయిని మాట్లాడించి అలిసిపోనివ్వద్దు. మీరు చెప్పండమ్మా. ఎన్నాళ్ళ నుంచి, ఎలా?"

వదిన చెబుదామనుకున్నది వేరు, నోట్లోంచి వచ్చింది వేరు. భయమంతా కోపమై బయటికొచ్చింది. "నన్నడిగితే ఇదంతా స్వయంకృతం డాక్టరుగారూ. సాయంత్రమైతే తిండి తినదు. పొద్దున మాత్రం శుభ్రంగా తింటుంది. పొద్దున గలగలా మాట్లాడుతుంది, రాత్రి పలకరిస్తే ముక్కుతో గొణుగుతుంది. నవ్వమంటే పళ్ళు చూపిస్తుంది. కళ్ళు వాల్చేస్తుంది. కావాలంటే అన్నీ చెయ్యగలదు. నేను చెకింగ్‌లో ఉంటాను, నా కళ్ళతో చూశాను. కట్టలో అడుగున కుట్టినవన్నీ బంగారం, పైకి వచ్చేసరికి చెత్త."

డాక్టరమ్మ రాస్తున్న కలం పక్కన పెట్టేసింది. "అడుగున అంటే?"

"పొద్దున కుట్టినవి. అడుగువి ముందువి, పైవి చివరివి."

"మధ్యలో ఎలా ఉన్నాయి?"

"భోజనం చేసి వచ్చి కుట్టినవి మళ్ళీ బాగున్నాయి. కాసేపే. ఆ తర్వాత మామూలే."

"విశ్రాంతి తీసుకున్నాక బాగుంటున్నాయి. పనిచేసే కొద్దీ పాడవుతున్నాయి. అంతేనా?"

"అంతే. అందుకే అంటున్నా, కావాలనే చేస్తోందని."

డాక్టరమ్మ కాదనలేదు, మందలించలేదు. పిట్ట ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక వేలు పైకెత్తి, "తల కదపకుండా దీన్నే చూడమ్మా" అంది. పిట్ట చూసింది. వదిన కూడా చూసింది, పిట్ట కళ్ళను. ఇన్ని నెలల్లో ఆ కళ్ళను అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. పిట్ట నుదురు ముడతలు పడేలా కష్టపడుతోంది. అయినా రెప్పలు మెల్లగా, ఎవరో పైనుంచి నొక్కుతున్నట్టు, కిందికి దిగిపోతున్నాయి. వాల్చడం వేరు, వాలిపోవడం వేరు. ఆ తేడా ఎంత దూరం నుంచైనా తెలియాల్సిందే, చూడదలుచుకుంటే.

నర్సు రబ్బరు చేతొడుగులో మంచుముక్కలు వేసి తెచ్చింది. డాక్టరమ్మ దాన్ని గుడ్డలో చుట్టి పిట్ట కుడి రెప్ప మీద పెట్టి పట్టుకుంది. అంతసేపూ గడియారం వంక తప్ప ఎటూ చూడలేదు. చల్లదనానికి పిట్ట కాళ్ళు ముడుచుకుంది. తీసేసరికి కుడి కన్ను పూర్తిగా విచ్చుకుని ఉంది. మంచు పెట్టని ఎడమ కన్ను సగం మూతపడే ఉంది. అలా రెండు రకాల కళ్ళతో పిట్ట వదిన వంక చూసింది.

వదిన ఆ రెండు కళ్ళనూ మార్చి మార్చి చూసింది, మడిచిన కాలరు మొనల్ని చూసినట్టు.

"రక్తపరీక్ష చేసి నిర్ధారించుకోవాలి. కానీ ఇది ఏమిటో నాకు దాదాపు తెలిసిపోయింది" అంది డాక్టరమ్మ. "మెదడు బాగుంది. నరమూ, కండా బాగున్నాయి. నరం వచ్చి కండకు పని చెప్పే చోట పేచీ. బయటి క్రిముల్ని పట్టుకోవడానికి ఒంట్లో ఒక కాపలా ఉంటుంది. ఏ కారణం చేతో ఆ కాపలా వాళ్ళు సొంత మనుషుల్నే దొంగలనుకుంటారు. నరం చెప్పే మాట కండకు చేరే దారిలో అడ్డంగా నిలబడతారు. మొదట్లో నరం గట్టిగా చెబుతుంది, మాట చేరుతుంది. చెప్పగా చెప్పగా దాని దగ్గరున్న సరుకు తగ్గుతుంది. కాసేపు ఆగితే మళ్ళీ కూడుకుంటుంది. అందుకే పొద్దున ఒకలా, సాయంత్రం ఇంకోలా. చల్లదనానికి ఆ మాట కాస్త బాగా చేరుతుంది, మంచు పెట్టిన రెప్ప లేచింది అందుకే. నవ్వాలన్నా, నమలాలన్నా, రెప్ప ఎత్తాలన్నా కండలే కదమ్మా."

"మందుందా?" అంది వదిన.

"ఉంది. తాత్కాలికంగా బలమిచ్చేది ఒకటి, ఆ కాపలాను అదుపులో పెట్టేది ఇంకోటి. ఛాతీకి స్కాన్ తీస్తాం, ఆ కాపలాకు పని నేర్పే థైమస్ గ్రంథి అక్కడే ఉంటుంది, దాన్ని చూడాలి. మింగడం కష్టమైంది కాబట్టి ఊపిరిని గమనించుకోవాలి, ఇంటికి పంపను." లేచి చేతులు కడుక్కుంటూ అంది, "చాలామంది నీరసం అని వస్తారు. ఎప్పుడు, దేని తర్వాత అని ఇంత వివరంగా చెప్పినవాళ్ళు తక్కువ."

"నేను చెప్పింది చాడీ డాక్టరుగారూ."

"తెలుసమ్మా. దానివల్లే త్వరగా తెలిసింది" అంది ఆమె, చేతులు తుడుచుకుంటూ. అందులో ఎగతాళి లేదు. ఎదుటి మనిషి కోపంలో చెప్పినదాన్ని కూడా పొల్లుపోకుండా విని, అందులోంచి గింజను ఏరుకునే ఓపిక చూసి వదినకు దణ్ణం పెట్టాలనిపించింది.

సాయంత్రం వార్డులో పిట్ట కాస్త తెరిపిన పడ్డాక, అన్న వచ్చాడు. చెల్లెలి మంచం పక్కన నిలబడి, సెలైను గొట్టాన్ని ఇంజను గొట్టంలా పైనుంచి కిందిదాకా పరీక్షగా చూసి, ఏడుపు ఆపుకోలేక మందులు తెస్తానని వెళ్ళిపోయాడు. వదిన దిండు సరిచేసింది.

"ఒక్క ముక్క చెప్పలేకపోయావా పిట్టా?"

పిట్ట ఆగి ఆగి చెప్పింది. కళ్ళద్దాల షాపులో చూపు బాగుందన్నారు. వీధి చివర డాక్టరు రక్తం తక్కువని టానిక్కు రాశాడు. "సాయంత్రమైతే రెండేసి కనిపిస్తాయి వదినా. రెండు సూదులు, రెండు అంచులు."

"రెండు సూదులా? మరి ఏ సూది కింద పెట్టి కుట్టేదానివి?"

"చాలాసార్లు గుచ్చుకున్నాక తెలిసింది. ఎడమవైపుది ఉత్తదే, కుడివైపుది నిజం. మరీ కలగాపులగమైతే ఒక కన్ను మూసేసేదాన్ని." ఊపిరి తీసుకుంది. "చెబితే మెషీను మీంచి లేపేస్తారని చెప్పలేదు."

వదిన మనసు సోమవారం నాటి కట్ట దగ్గరికి పోయింది. తను వంకర అని విసిరికొట్టిన పైకుట్టు, రెండుగా కనిపించే అంచుల్లో అబద్ధాన్ని పక్కన పెట్టి నిజాన్ని వెతుక్కుంటూ ఒంటికన్నుతో వేసింది. అలా అయితే అది ఎంత తిన్నగా ఉన్నట్టు? కార్ఖానాలో రెండు కళ్ళూ, రెండు చేతులూ సవ్యంగా ఉన్నవాళ్ళెవరైనా అలా ఒక్క కాలరు కుట్టగలరా? గెడ్డం కింద బొటనవేలు ఎందుకో కూడా ఇప్పుడు అర్థమైంది. దవడ వేలాడిపోకుండా పట్టుకుని, ఆ దవడతోనే రెండు ముద్దలు నమిలి, వదిన వండింది కదా అని మింగేది. ఈ మనిషినా తను బద్ధకస్తురాలనుకున్నది. వదినకు సిగ్గేసింది, దాంతోపాటు పిట్టంటే చెప్పలేనంత గొప్పగా అనిపించింది. ఆ రెండూ ఒకేసారి ఎలా వస్తాయో ఆమెకు అంతకుముందు తెలియదు.

"సూపర్‌వైజరుకు నేను చెబుతాను" అంది. "దారాల బల్ల లేదు, ఏమీ లేదు. కాసేపు కుట్టి కాసేపు ఆగితే నీ కాలరుకు సాటి లేదు. పొద్దున కట్టా, భోజనం తర్వాత కట్టా నువ్వు కుట్టు. మిగతాది ఇంకెవరికైనా ఇవ్వమంటాను."

"కాలర్లు వంకరగా ఉంటే?"

"వంకరగా ఉంటే వెనక్కి కొడతాను."

పిట్ట రెప్పలు మూసుకుంది. నిద్రో, వాలిపోవడమో తెలియక వదిన మంచం పట్టె మీద చెయ్యి వేసి చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున మొదటి మాత్ర ఇచ్చారు. చిన్న తెల్ల మాత్ర, మెత్తగా నూరి నర్సు స్పూనుతో నాలుక మీద పెట్టింది. పనిచేయడానికి కాస్త సమయం పడుతుందనీ, పట్టు కొన్ని గంటలే ఉంటుందనీ చెప్పి వెళ్ళింది. వదిన వేరే పని ఉన్నట్టు కిటికీ తుడిచింది, సొరుగు సర్దింది, దుప్పటి అంచు కుట్టు ఎవరు వేశారో గానీ దారుణంగా ఉందంది. వెనక్కి తిరిగేసరికి పిట్ట దిండు లేకుండా తిన్నగా కూర్చుని ఉంది. రెండు కళ్ళూ పెద్దవిగా, సమానంగా తెరుచుకుని ఉన్నాయి.

"వదినా" అంది. ముక్కుతో కాదు, గొంతుతో. ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో.

వదిన దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పు. ఇది జబ్బని తేలకపోతే ఆదివారం నన్ను పంపేసేదానివేగా?"

అబద్ధం చెప్పడం వదినకు చేతకానిది కాదు. ఆ కళ్ళ ముందు మాత్రం చెప్పబుద్ధి కాలేదు. "పంపేసేదాన్ని."

పిట్ట తల ఊపింది. "జబ్బు మనిషి కదా అని జాలిపడి ఉంచుకునేట్టయితే ఇప్పుడూ వెళ్ళిపోతాను. సంచీ సర్దే ఉంది."

"జాలి కాదే" అంది వదిన. "నువ్వు లేకపోతే నాకు తోచదు. నేనేమన్నా నువ్వు నవ్వడం మానేశావని, దానికే నాకంత కోపం. నా మాటలంటే నీకు రోత పుట్టిందనుకున్నాను."

పిట్ట ఆమెను వింతగా చూసింది. "ఎప్పుడు మానేశాను? ఇస్త్రీ అతను పెళ్ళిచూపులకెళ్ళి ప్రతిదానికీ 'అదే కదా' అన్నాడని చెప్పావు చూడు, ఆ రోజు కడుపు పట్టుకుని నవ్వాను. యజమాని దగ్గు చేసినప్పుడు నవ్వాను. అన్నిటికీ నవ్వాను వదినా. ముఖం మీదికే రాలేదు."

ఆ నెలలన్నీ ఒక్కసారిగా వదిన కళ్ళ ముందు తిరిగాయి. పై పెదవి లేచి పళ్ళు కనిపించిన ప్రతిసారీ, తను ఛీత్కారమనుకుని లెక్కపెట్టుకున్న ప్రతిసారీ, పిట్ట నవ్వుతూ ఉంది. తనే చూడనట్టు ముఖం తిప్పుకుంది. తర్వాత్తర్వాత సరదా మాటలు చెప్పడమే మానేసింది.

"ఏదైనా చెప్పు" అంది పిట్ట, మంచం మీద చోటిస్తూ. "మాత్ర పట్టు ఉండగానే చెప్పు. మళ్ళీ మధ్యాహ్నానికి ఉంటుందో ఉండదో."

వదిన కూర్చుంది. నోరు తెరిచింది. హాలు మొత్తాన్ని నవ్వించే మనిషికి ఒక్కటంటే ఒక్కటి గుర్తు రాలేదు. సూపర్‌వైజరు ఎలా నడుస్తాడో కూడా మరిచిపోయింది. పమిటచెంగుతో కళ్ళు తుడుచుకుని, ముక్కు చీదుకుని, మళ్ళీ నోరు తెరిచి, మళ్ళీ మూసింది. పిట్ట అది చూస్తూ కూర్చుంది. చూస్తుండగా ఆమె పెదవులు రెండూ రెండు పక్కలా సమానంగా విచ్చుకున్నాయి.